‘మందు తాగినాడు’ అంటే ఏ మందు? బెంగళూరు సైకియాట్రీ వార్డులో తెలుగు నర్సు పని ఎలా చేయాలి

బెంగళూరులో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. రాత్రి డ్యూటీలో ఉన్నాను. హిందూపురం వైపు నుంచి ఒకతన్ని కారులో తీసుకొచ్చారు. వయసు నలభై దాటి ఉంటుంది. తాగుడు మాన్పించడానికి అంతకు ముందే రెండుసార్లు మా దగ్గర అడ్మిట్ అయిన మనిషి. డ్యూటీ డాక్టరుకు తెలుగు రాదు. వెంట వచ్చిన తమ్ముడు నాతో "మందు తాగినాడక్కా" అన్నాడు. నోటి నుంచి సారా వాసన కూడా వస్తోంది. నేను డాక్టరుకు "మళ్లీ తాగడం మొదలుపెట్టాడట" అని చెప్పి, షీట్‌లో అదే రాశాను.

అరగంట గడిచింది. నోటి పక్క నుంచి చొంగ కారుతోంది. చొక్కా మొత్తం చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. టార్చి వేసి చూస్తే కంటిపాపలు ఆవగింజంత ఉన్నాయి. అప్పుడు అడిగాను, ఏం మందు అని. "చేనుకు కొట్టే మందక్కా. చెప్తిని కదా."

వెంటనే ఎమర్జెన్సీకి తరలించి, ఆ విషానికి విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టారు, మనిషి దక్కాడు. కానీ ఆ అరగంట నా వల్ల పోయింది. అతని తమ్ముడు చెప్పాల్సింది చెప్పాడు. నేను వినాల్సింది వినలేదు.

మన భాషలో మందు అంటే మాత్ర, మందు అంటే సారా, మందు అంటే పురుగుల మందు. రాయలసీమలో "మందు పెట్టినారు" అంటే ఎవరో గిట్టనివాళ్లు అన్నంలో ఏదో కలిపి తినిపించారని నమ్మకం. ఒక్క మాటకు నాలుగు దారులు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు, కడప నుంచి వైద్యం కోసం బెంగళూరు వచ్చేవాళ్లకు, కోలారు, చిక్కబళ్లాపురం వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లకు, కె.ఆర్. పురం కట్టడాల దగ్గర పనిచేసే కూలీలకు, మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలకు వార్డులో మొదట కనబడే తెలుగు మనిషి చాలాసార్లు మీరే అవుతారు. సైకియాట్రీలో జబ్బు ఎక్స్‌రేలో కనబడదు. మాటలోనే బయటపడుతుంది. అందుకే కొత్తగా చేరిన తెలుగు నర్సులకు పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎలా సాగాలో నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మన హద్దు సంగతి. అమెరికాలో సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ అనే హోదా ఉంది. మాస్టర్స్ లేదా డాక్టరేట్ చదివి, సర్టిఫికేషన్ పరీక్ష పాసై, వాళ్లే జబ్బు నిర్ధారిస్తారు, మాత్రలు రాస్తారు, థెరపీ చేస్తారు. మన దేశంలో సైకియాట్రీ నర్సుకు ఆ అధికారం లేదు. ఇక్కడ మందు రాసేది డాక్టరే. అయితే 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం క్లినికల్ సైకాలజిస్టుతో, సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌తో పాటు మానసిక ఆరోగ్య నర్సు కూడా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో నమోదు కావాలని చెబుతుంది. అంటే చట్టం దృష్టిలో మీరు ఇంజెక్షన్ వేసే చెయ్యి మాత్రమే కాదు. పేషంట్‌ను అంచనా వేయడం, ప్రమాదం పసిగట్టడం, మందు ఒంట్లో ఏం చేస్తోందో కనిపెట్టడం, చిన్నపాటి కౌన్సెలింగ్, ఇంటివాళ్లకు నేర్పడం, ఇవన్నీ మీ పనే.

మొదటి పది నిమిషాలు

కుర్చీని ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా వేసుకోండి. తలుపు ఇద్దరికీ అందుబాటులో ఉండాలి. పేషంట్ తలుపుకు అడ్డంగా కూర్చోకూడదు, మీరూ అతనికి అడ్డంగా కూర్చోకూడదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి.

పిలుపు ముఖ్యం. "పేషంట్ పేరేంటి?" అని ఇంటివాళ్లను అడగడంతో మొదలైతే సగం ఆట అక్కడే పోతుంది. పేషంట్‌నే అడగండి. పెద్దాయన అయితే "పెద్దాయనా, కూర్చోండి", నడివయసు ఆమె అయితే "అక్కా, ఏ ఊరు మీది?" ఏ ఊరని అడిగితే మన జనం తేలికపడతారు. ఆ ఊరి బస్సు గురించి, వాన పడిందా లేదా అన్న దాని గురించి ఒక నిమిషం మాట్లాడితే వృథా కాదు. ఆ నిమిషంలో మాట వేగం, ముఖంలో కదలిక, మతి ఎలా ఉందో మీరు చూసేసి ఉంటారు.

తర్వాత ఒకే ప్రశ్న: "ఏం ఇబ్బందిగా ఉంది, మీ మాటల్లో చెప్పండి." చెప్పేటప్పుడు కనీసం రెండు నిమిషాలు అడ్డు రాకండి. షీట్‌లో మొదటి లైను పేషంట్ అన్న మాటే ఉండాలి, తెలుగులోనే, కొటేషన్‌లో. "గుండెలో మంట", "తల దిమ్ముగా ఉంది", "నరాల వీక్‌నెస్", "ఒంట్లో సత్తువ లేదు", "ఏం చేయబుద్ధి కాదు". డిప్రెషన్ అనే మాట ఊరినుంచి వచ్చే పేషంట్ నోట చాలా అరుదుగా వింటాను. దిగులు కూడా ఒంటి బాధగానే బయటికి వస్తుంది. "నరాల వీక్‌నెస్" అన్నవాణ్ణి మీరు "డిప్రెస్డ్ మూడ్" అని రాసేస్తే, రేపు డాక్టరు "మీకు డిప్రెషన్ కదా" అన్నప్పుడు అతను తల అడ్డంగా ఊపుతాడు, ఎల్లుండి నుంచి రావడం మానేస్తాడు.

డాక్టరుకు అనువాదం చేసేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకోండి. వాక్యం తర్వాత వాక్యం చెప్పండి, మొత్తం విని సారాంశం చెప్పకండి. రెండర్థాలున్న మాట వస్తే ముందు తెలుగు మాటను యథాతథంగా పలకండి, దాని అర్థాలు చెప్పండి, ఏ అర్థమో పేషంట్‌ను అడిగి తేల్చండి. "మందు" వచ్చిన ప్రతిసారీ "ఏ మందు?" అని అడగండి. ఆ రాత్రి తర్వాత నేను ఒక్కసారి కూడా అడగకుండా వదల్లేదు.

ఇంటివాళ్లను అనువాదకులుగా పెట్టుకోవద్దు. అత్త పక్కన కూర్చుంటే కోడలు నోరు విప్పదు. "వాళ్లతో తర్వాత మాట్లాడతాను, ముందు అమ్మాయితో కాసేపు" అని మెల్లగా చెప్పి బయట కూర్చోబెట్టండి. పేషంట్ చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచాలన్నది 2017 చట్టం ఇచ్చిన హక్కు కూడా.

మనసు జబ్బు అనుకునే ముందు ఒళ్లు చూడండి

ఇక్కడ తొందరపడితే ప్రాణాలు పోతాయి. నిన్నటిదాకా బాగున్న డెబ్బై ఏళ్ల మనిషి ఈ రోజు పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు, పగలు మగతగా ఉండి రాత్రి లేచి తిరుగుతున్నాడు, గంటకో రకంగా ఉన్నాడు అంటే అది పిచ్చి కాదు, డెలీరియం, అంటే ఒంటి జబ్బు వల్ల మతి హఠాత్తుగా చెదరడం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, ఇలాంటి కారణం ఏదో ఒకటి ఉంటుంది. నాడి, బీపీ, టెంపరేచర్, ఆక్సిజన్, గ్లూకోమీటర్ రీడింగ్ తీసుకోకుండా సైకియాట్రీ షీట్ తెరవకండి. దిగులుగా, నీరసంగా ఉన్నామనేవాళ్లలో థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం చూడమని డాక్టరుకు గుర్తు చేయండి.

తాగుడు ఉన్నవాళ్లలో "చివరిసారి ఎప్పుడు తాగారు?" అన్నది నాడి చూసినంత ముఖ్యమైన ప్రశ్న. చివరి గ్లాసు తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు మొదలవుతుంది. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య డెలీరియం ట్రెమెన్స్, అంటే వణుకుతో పాటు మతి చెదిరి లేనివి కనబడటం, రావచ్చు. కాలు విరిగి ఆర్థో వార్డులో పడుకున్న మనిషి మూడో రోజు గోడ మీద పురుగులు పాకుతున్నాయంటే, "ఆపరేషన్ భయం" అని సర్దుకోకండి. ఆ మనిషికి గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (బి1 విటమిన్) వెళ్లిందో లేదో అడగండి. థయమిన్ లేని ఒంట్లోకి గ్లూకోజ్ వెళితే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మనోస్థితి పరీక్షను తెలుగులో చేయడం

వేషం, ప్రవర్తన, మాట, మూడ్, ఆలోచన, భ్రాంతులు, జ్ఞాపకం, తీర్పు, తన జబ్బుపై అవగాహన. వరస మీరు కాలేజీలో చదివిందే. ఇబ్బంది అంతా ప్రశ్నల్లో వస్తుంది. 100 నుంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే బడికి పోని ఆమె బిక్కమొహం వేస్తుంది, మీరు "శ్రద్ధ లేదు" అని రాస్తారు. అది తప్పు. "ఐదొందల నోటు ఇచ్చి మూడొందల ఇరవైకి సరుకులు తెచ్చుకుంటే చిల్లర ఎంత రావాలక్కా?" అని అడగండి. వారాలు వెనక్కి చెప్పమనండి. తేదీ తెలియకపోతే "ఉగాది అయిపోయిందా, రావాలా?" అనండి. ఆలోచన లోతు చూడటానికి "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అంటారు కదా, దానర్థం ఏంటి?" అంటే చాలు. "ఈశ్వరుడు మా ఇంటికి ఎందుకొస్తాడు?" అని జవాబిస్తే అది కూడా అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి.

మాటలు వినబడటం గురించి భయపడకుండా అడగండి. "ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరో మాట్లాడినట్టు వినిపిస్తుందా? చాలామందికి అలా అవుతుంది, అందుకే అడుగుతున్నా." అవునంటే ఆగకూడదు. ఎవరి గొంతు, తిడుతుందా, పని చెబుతుందా? "వాళ్లు చెప్పిన పని చేయకుండా ఉండగలుగుతున్నారా?" అన్నదానికి జవాబు తడబడితే ఆ షిఫ్టులోనే డాక్టరుకు చెప్పాలి.

అమ్మవారు పూనడం గురించి ఒక మాట. గంగమ్మ జాతరలో పూనకం వచ్చి, కాసేపటికి తేరుకుని, మర్నాడు పొలం పనికి వెళ్లే ఆమెకు జబ్బు లేదు. జాతర అయిపోయి నెలైనా నిద్ర లేకుండా, తిండి మానేసి, "నేనే అమ్మవారిని" అంటూ వచ్చినవాళ్లను కొడుతుంటే, ఆ ఊరివాళ్లే ఇది వేరే అంటారు. వాళ్లను అడగండి, తేడా వాళ్లకు బాగా తెలుసు. దర్గాకో గుడికో తీసుకెళ్లి వచ్చామంటే ముఖం చిట్లించకండి. "మంచిది, మొక్కు మొక్కుకోండి, మాత్ర కూడా ఆపొద్దు" అంటే రెండూ నడుస్తాయి. అక్కడ గొలుసులతో కట్టేశారా, రోజుల తరబడి పస్తులు ఉంచారా అన్నది మాత్రం తప్పక అడగాలి. గొలుసులతో కట్టేయడాన్ని చట్టం నిషేధించింది.

చావు గురించి అడగడం

కొత్త నర్సులు ఇక్కడే వెనకాడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయం. పుట్టదు. అడిగేవాళ్లు దొరికారని ఊపిరి పీల్చుకున్నవాళ్లనే నేను ఎక్కువ చూశాను.

మెట్టు మెట్టుగా దిగండి. "ఇంత బాధలో బతికి ఏం లాభం అనిపిస్తుందా?" అవునంటే, "చనిపోవాలని అనిపించిందా?" తర్వాత, "ఎలా అని ఆలోచన వచ్చిందా?" తర్వాత, "అది ఇంట్లో ఉందా, ఎక్కడ పెట్టారు?" తర్వాత, "ఇంతకు ముందు ఎప్పుడైనా ప్రయత్నం జరిగిందా?" చివరిగా, "ఇన్నాళ్లూ మిమ్మల్ని ఆపింది ఏంటి?" ఈ ఆఖరి ప్రశ్న వదలొద్దు. "చిన్నది మూడో తరగతి చదువుతాంది" అని ఒకామె అంది. ఆ రాత్రంతా మా మాట ఆ చిన్నదాని చుట్టూనే తిరిగింది.

"పిచ్చి పనులేమైనా చేయాలనిపిస్తుందా?" లాంటి డొంకతిరుగుడు ప్రశ్నలు వద్దు. చావు అన్న మాటను మీరు మామూలు గొంతుతో పలికితేనే అవతలివాళ్లూ పలుకుతారు.

దిగులు ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళికి తెలుగు రూపం ఉంది. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. పది, ఆపైన వస్తే శ్రద్ధ పెట్టాలి. కానీ మొత్తం ఎంత వచ్చినా సరే, చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏది వచ్చినా ఆగి, పై మెట్లన్నీ దిగండి. మొత్తం ఆరే కదా అని కాగితం ఫైల్లో పెట్టేయడం నేను చూశాను.

ప్రమాదం ఉందని తేలితే పేషంట్‌తో కలిసి ఒక కాగితం రాయండి, అతని చేతిరాతలో అయితే ఇంకా మంచిది. ఆలోచన వచ్చే ముందు నాకు ఏం అవుతుంది, అప్పుడు నాకు నేను ఏం చేసుకోగలను, ఎవరి దగ్గరికి వెళ్లి కూర్చుంటే మనసు మళ్లుతుంది, ఎవరికి చెప్పుకోగలను, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇంట్లో ప్రమాదకరమైనది ఏది, దాన్ని ఎవరు తీసేస్తారు. నంబరు దగ్గర 14416 రాయండి. అది టెలీమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు 10న మొదలైంది, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆఖరి అంశం మీద ఎక్కువసేపు కూర్చోండి. రైతు ఇంట్లో పురుగుల మందు డబ్బా మంచం కిందో, దూలం మీదో ఉంటుంది. చావాలన్న ఆవేశం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపట్లో డబ్బా చేతికి అందకపోతే మనిషి మిగులుతాడు. అన్నకో, బావమరిదికో ఫోన్ చేయించి, "ఈ రోజే డబ్బాను వేరేవాళ్ల ఇంట్లో తాళం వేసి పెట్టండి, పెట్టాక మాకు ఫోన్ చేయండి" అని చెప్పండి. ఫోన్ వచ్చేదాకా డిశ్చార్జి మాట ఎత్తొద్దు.

ఇంటివాళ్లు "పోలీసు కేసవుతుందా సిస్టర్?" అని వణుకుతారు, అందుకే నిజం దాచి "పొరపాటున తాగినాడు" అంటారు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, వేరే విధంగా రుజువైతే తప్ప శిక్షించకూడదు. ఆసుపత్రి పద్ధతి ప్రకారం పోలీసులకు సమాచారం వెళ్లవచ్చు, అది శిక్ష కోసం కాదని విడమర్చి చెప్పండి. ఆ ధైర్యం వస్తే అసలు ఏం తాగాడో చెబుతారు.

మాత్రల కాపలా

ఒక పొద్దున ఓపీ వరండాలో ఒక తల్లి ఇరవై ఏళ్ల కొడుకు గడ్డం పట్టుకుని తల నేరుగా తిప్పుతోంది. వదలగానే మెడ మళ్లీ పక్కకు వంకరపోతోంది. కళ్లు పైకి గుడ్లు తేలేసి ఉన్నాయి. నాలుక మొద్దుబారి మాట రావడం లేదు. "గాలి మళ్లీ వచ్చినాది తల్లీ" అని ఏడుస్తోంది. ముందు రోజు సాయంత్రం అతనికి హాలోపెరిడాల్ ఇంజెక్షన్ పడింది. అది గాలి కాదు, అక్యూట్ డిస్టోనియా, ఆ మందు వల్ల కండరాలు బిగుసుకుని మెలిపడటం. డాక్టరు చెప్పగానే ప్రోమెథజిన్ ఇంజెక్షన్ ఇచ్చాం. అరగంటలో మెడ సర్దుకుంది, పిల్లాడు టీ అడిగాడు. ఆ తల్లికి ముందు రోజే ఎవరైనా "ఇలా అవ్వొచ్చు, అయితే వెంటనే రండి" అని చెప్పి ఉంటే ఆ రాత్రంతా నరకం పడేది కాదు. కుర్రవాళ్లలో ఇది ఎక్కువ. ఇంజెక్షన్ వేసే ప్రతిసారీ చెప్పండి.

కాళ్లు ఒకచోట నిలవక, కూర్చోలేక, వార్డులో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతున్నాడంటే "ఆందోళన పెరిగింది" అని రాసే ముందు "కాళ్లలో జివ్వుమంటుందా, కదపకపోతే ఉండలేరా?" అని అడగండి. అది ఇలాంటి మందుల వల్లే వచ్చే అకాథీసియా అయితే మందు పెంచే కొద్దీ ఎక్కువవుతుంది. జ్వరం, ఒళ్లంతా కర్రలా బిగుసుకోవడం, చెమటలు, మతి తప్పడం కలిసి వస్తే ఈ మందులతోనే అరుదుగా వచ్చి ప్రాణం తీయగల న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అనుకుని తర్వాతి డోసు ఆపి పరుగెత్తాలి.

బైపోలార్ జబ్బుకు లిథియం వాడేవాళ్ల విషయంలో మన ఊళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పాలి. రక్త పరీక్ష ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు చేయాలి. తెల్లవారుజామున బస్సులోనే మాత్ర వేసుకుని వచ్చేస్తారు, రీడింగ్ ఎక్కువ వస్తుంది, డోసు తగ్గించేస్తారు, రెండు నెలల్లో జబ్బు తిరగబెడుతుంది. "రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర" అని ముందే ఫోన్‌లో చెప్పండి. రక్తంలో లిథియం సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు, 1.5 దాటితే విషం. నీళ్లు తగ్గినా, ఉప్పు తగ్గినా ఒంట్లో లిథియం పెరుగుతుంది. కాబట్టి మే నెల ఎండలో కూలిపని, శివరాత్రి ఉపవాసం, రంజాన్ ఉపవాసం, "బీపీ ఉందని ఉప్పు మానేశా", విరేచనాలు, వీటన్నిటి గురించి అడగాలి. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా లిథియంను పెంచుతాయి. చేతులు పెద్దగా వణుకుతూ, వాంతులు, విరేచనాలు, తూలుడు ఉంటే మాత్ర ఆపి ఆసుపత్రికి రావాలని ఇంటివాళ్లతో తిరిగి చెప్పించండి.

మొండి స్కిజోఫ్రేనియాకు వాడే క్లోజపిన్‌తో తెల్ల రక్తకణాలు పడిపోవచ్చు, అందుకే మొదటి 18 వారాలు వారం వారం రక్త పరీక్ష. గొంతునొప్పి, జ్వరం వస్తే ఆ రోజే రక్తం చూడాలి. మలబద్ధకాన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు, ఈ మందుతో పేగు కదలిక ఆగి ప్రాణం మీదకు రావచ్చు. రోజూ "విరేచనం అయిందా?" అని అడగడానికి సిగ్గు వద్దు. బీడీలు తాగే మనిషి వార్డుకొచ్చి మానేస్తే రక్తంలో క్లోజపిన్ పెరుగుతుంది. మత్తు ఎక్కువైతే బీడీ సంగతి డాక్టరుకు చెప్పండి.

డిప్రెషన్ మాత్రలు పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం, కడుపులో తిప్పడం మాత్రం మొదటి రోజే వస్తాయి. అంటే మొదటి పది రోజులు పేషంట్‌కు నష్టమే కనబడుతుంది, లాభం కనబడదు. ఆ పది రోజులే మానేసే రోజులు. ముందే చెప్పండి. కుర్రవాళ్లలో ఆ రోజుల్లోనే చావు ఆలోచనలు ఉన్నాయేమో గమనించాలి. బైపోలార్‌కు, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ రాసిన ప్రతి ఆడపిల్లను, పెళ్లైన ఆమెను గర్భం సంగతి అడగండి. కడుపులో బిడ్డకు హాని చేసే మందు అది.

ఆల్‌ప్రజోలం పేరు ఎక్కువమందికి తెలియదు, "నిద్ర మాత్ర" అంటారు. ఏళ్ల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. స్ట్రిప్పులన్నీ సంచిలోంచి బల్ల మీద పోయించి చూడండి.

చదువు రానివాళ్లకు 1-0-1 (పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి) అని రాసిస్తే ఏం లాభం? ఖాళీ స్ట్రిప్పు ముక్క కత్తిరించి అట్ట మీద అంటించండి. పక్కన సూర్యుడు, చంద్రుడు బొమ్మ. కంపెనీ మారితే మాత్ర రంగు మారుతుందని కూడా చెప్పాలి, లేకపోతే "తెల్లది అయిపోయింది, పచ్చది వేరే జబ్బుకు" అని ఆపేస్తారు.

తాగుడు, దిగులు: మాటతో చేసే వైద్యం

ఉపదేశం పని చేయదు. పెళ్లాం, తల్లి, ఊరి పెద్దలు అప్పటికే వెయ్యిసార్లు చెప్పి ఉంటారు. "సున్నా నుంచి పదిలో, మానాలని మీకు ఎంత ఉంది అన్నా?" అని అడగండి. నాలుగు అంటాడు. "నాలుగేనా?" అనకండి. "రెండు ఎందుకు కాదు?" అనండి. అప్పుడు మానడానికి కారణాలు అతని నోటి నుంచే వస్తాయి. "కూతురి పెళ్లి చూపులకు వచ్చినోళ్ల ముందు తూలితిని." ఆ మాటను అలాగే తిరిగి అతనికి వినిపించండి, మీ మాట కలపకండి.

తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్రను భర్తకు తెలియకుండా అన్నంలో కలుపుతామని అడిగే భార్యలు వారానికొకరు వస్తారు. వాళ్ల బాధ నిజం. కానీ తెలియకుండా ఆ మాత్ర తిని తాగితే బీపీ పడిపోయి మనిషి పోవచ్చు. అతనికి తెలిసి, ఒప్పుకుని, ఆమె ఎదుట వేసుకుంటేనే అది వైద్యం. ఊళ్లో అమ్మే "మందు మాన్పించే పొడి" గురించి కూడా హెచ్చరించండి.

దిగులుతో మంచం దిగని మనిషికి "ధైర్యంగా ఉండండి" అని చెప్పొద్దు. ఒక చిన్న పని, ఒక సమయం. "రేపు పొద్దున ఏడుకు, వాకిట్లో కుర్చీ వేసుకుని టీ అక్కడే తాగండి." మనసు బాగయ్యాక పని చేద్దాం అనుకుంటారు. పని మొదలైతే మనసు వెనకాలే వస్తుంది. వారం తర్వాత రెండో పని.

ఎవరైనా చెలరేగితే

ఒక్కరే మాట్లాడాలి. రెండు చేతుల దూరంలో, పక్కగా, అరచేతులు కనబడేలా నిలబడండి. గొంతు తగ్గించి చిన్న వాక్యాలు. "అన్నా, నీళ్లు తాగుతావా, కూర్చుంటావా?" అని రెండింట్లో ఒకటి ఎంచుకోనివ్వండి. కట్టేయడం ఆఖరి దారి. తనకో ఇతరులకో తక్షణ హాని తప్పించడానికి వేరే మార్గం లేనప్పుడే, సైకియాట్రిస్ట్ అనుమతితో, వీలైనంత తక్కువసేపు. శిక్షగా చేయకూడదు, స్టాఫ్ తక్కువని చేయకూడదు. కట్టిన సమయం, కారణం రాయాలి. 24 గంటల్లోపు నామినేటెడ్ ప్రతినిధికి, అంటే చట్టం ప్రకారం పేషంట్ తరఫున ఉండే మనిషికి, తెలియజేయాలి.

ఇంటికి పంపేటప్పుడు

మన దగ్గర పేషంట్‌తో ఒక మనిషి వార్డులో ఉంటారు. అది మనకున్న పెద్ద ఆస్తి. ఆ మనిషిని టిఫిన్ తెచ్చే పనికే వాడుకుంటే ఎలా? రోజూ పది నిమిషాలు వాళ్లతో కూర్చోండి. స్కిజోఫ్రేనియాలో ఇంట్లో నిత్యం సూటిపోటి మాటలు పడే మనిషికి జబ్బు త్వరగా తిరగబెడుతుందని చెప్పండి. "సోమరిపోతు అని తిడుతున్నారు కదా, ఆ మందకొడితనం కూడా జబ్బులో భాగమే" అంటే చాలామంది తండ్రులు మౌనంగా అయిపోతారు. తిరగబెట్టే ముందు వాళ్ల ఇంట్లో ఏం కనబడుతుందో వాళ్ల చేతే చెప్పించండి. ఒకాయన "వాడు రాత్రి రేడియో పెట్టుకోవడం మానేస్తే అనుమానం" అన్నాడు. మా ఫైల్లో అదే రాశాం.

ప్రతి నెలా బెంగళూరు రావడం కూలివాళ్లకు కుదరదు. రానూపోనూ ఖర్చు, పోయిన కూలి కలిపితే మందుల కన్నా ఎక్కువ. వాళ్ల జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ వారాల్లో ఉంటుందో కనుక్కుని డిశ్చార్జి కాగితం వెనక రాయండి. 1980లలో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలో, మన అనంతపురానికి ఆనుకునే, ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మానసిక వైద్యం ఇవ్వొచ్చని చేసి చూపించింది. 1996లో వచ్చిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. మన జనానికి దాని గురించి తెలియక రాత్రి బస్సులెక్కి వస్తుంటారు.

మూడో రోజు, పదో రోజు ఫోన్ చేయండి. మాత్రలు వేసుకుంటున్నారా అని మొదలుపెడితే "వేసుకుంటాండా" అని అబద్ధం చెప్పి పెట్టేస్తారు. "నిద్ర పడుతోందా అన్నా?" అని అడగండి. తర్వాత అన్నం, తర్వాత పనికి పోతున్నారా అని. మాత్రల సంగతి ఆ మాటల్లోనే వస్తుంది: "రేత్రి మాత్ర ఏసుకుంటే పొద్దున లేయలేకున్నానక్కా, సగం ఏసుకుంటాండా." సగం వేసుకుంటున్నాడన్న మాట, ఎందుకో కారణంతో సహా, అతను అన్నట్టే రాసి, సాయంత్రం రౌండ్స్‌లోపు డాక్టరు ముందు పెట్టండి.